కొత్త నాటకం ఆడే చిన్న సమాజం పెట్టాలంటే: అనంతపురం నుంచి ఒక పూర్తి గైడ్

మన సీమలో నాటకం మీద ప్రేమ తక్కువేం లేదు. పద్యనాటకం అంటే ఇప్పటికీ పల్లెల్లో తెల్లవార్లూ కూర్చునేవాళ్లు ఉన్నారు, హార్మోనియం శ్రుతి పట్టగానే పద్యం అందుకునే ముసలోళ్లు ప్రతి ఊర్లోనూ దొరుకుతారు. కానీ ఇంతవరకూ ఎవరూ ఆడని, ఈ మధ్యనే రాసిన నాటకం తీసుకోని ఆడదాం అంటే మాత్రం ఎట్ల మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తాండా. అనంతపురం, కర్నూలు, కడప, ఈ మూడు ఊర్లలో ఎక్కడున్నా పనికొచ్చేటట్టు.

ముందే ఒక మాట. కొత్త నాటకం కాయితం మీద సగమే ఉంటాది. మిగతా సగం రిహార్సల్ రూములో, రాసినాయన పక్కనే కూర్చోనుండగా, నటుల నోట్లో తయారైతాది. మీ సమాజం పెట్టేది ఆ రెండో సగం కోసం. డబ్బు, టైము, ఓపిక ఏది ఖర్చు పెట్టాలన్నా ముందు దానికి పెట్టండి, సెట్టింగుకీ లైట్లకీ మిగిలింది పెట్టండి. ఈ గైడ్ మొత్తం ఆ లెక్కన్నే రాసింది.

ఇది మనకు కొత్త కూడా కాదు. ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు పని చేసుకుంటానే సొంతంగా నాటకాలు రాసి, సొంత సభ పెట్టుకోని ఆడించినాడు, ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. కడప జిల్లా సురభి ఊర్లో 1885లో మొదలైన నాటక కుటుంబాలు ఆ ఊరిపేరే సమాజం పేరుగా పెట్టుకోని రాష్ట్రమంతా తిరిగినాయి. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ కూడా వకీలే, పగలు కోర్టు, రాత్రి నాటకం. ఇప్పుడు మనం పాతవి అనుకునే నాటకాలు వాళ్లు ఆడినరోజు కొత్తవే కదా.

మొదటి పని: మనుషులు

ఏడెనిమిది మంది చాలు. మరీ ఎక్కువైతే రిహార్సల్‌కి అందరూ ఒకేసారి దొరకరు. మన ఊర్లలో నాటకాలు ఆడేది టీచర్లు, బ్యాంకోళ్లు, ఆర్టీసీ వాళ్లు, అంగళ్లు పెట్టుకున్నోళ్లు, డిగ్రీ పిల్లలు. అందరికీ ఇంకో ఉద్యోగం ఉంటాది. అందుకని టాలెంట్ కంటే ముందు అడగాల్సింది "సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వారానికి ఐదు రోజులు, రెండు నెలలు రాగలవా" అని. రాలేననేవాళ్లు ఎంత గొప్ప నటులైనా ఈసారికి వద్దు, ప్రదర్శన రోజు వేరే సాయం అడగండి.

యాడ వెతకాలంటే, అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ (1916 నుంచి ఉన్న కాలేజీ), ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ), కర్నూల్లో రాయలసీమ యూనివర్సిటీ, కడపలో యోగి వేమన యూనివర్సిటీ, వీటి సాంస్కృతిక కార్యక్రమాలకు పోయి కూర్చోండి. ఆకాశవాణిలో నాటకాలు చదివిన గొంతులు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు, కడప కేంద్రం 1963 నుంచీ నడుస్తాంది కదా. వాళ్లకు మాట పలకడం తెలుసు, స్టేజీ మీద నడక ఒకటి నేర్పితే చాలు. పద్యనాటకం వాళ్లను కూడా తక్కువ అంచనా వేయొద్దు, మైకు లేకుండా చివరి వరసకు వినపడే గొంతు వాళ్లది. రాగం తీసే అలవాటు మానిపించడానికి కొంచెం టైము పడతాది, అంతే.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాల. "మా ఊర్లో ఆడపిల్లలు రారు" అని చాలామంది ముందే అనేస్తారు. వస్తారు, వాళ్లు రాగలిగేటట్టు మనం ఏర్పాటు చేస్తే. వాళ్ల సీన్లు ముందు చేసి ఎనిమిదిన్నరకే వాళ్లను పంపేయండి. ఇంటిదాకా దింపే బాధ్యత సమాజానిది. డ్రస్సు మార్చుకోవడానికి గడియ ఉన్న విడి గది, శుభ్రమైన బాత్‌రూము ఉందా అని హాలు బుక్ చేసేముందే చూడండి. ఒక్క అమ్మాయినే పెట్టుకోకుండా ఇద్దరు ముగ్గురిని తీసుకోండి, మేకప్‌కో ప్రాంప్టింగ్‌కో (పక్కనుంచి డైలాగు అందించడానికో) ఇంకో ఆడమనిషి ఉంటే అందరికీ ధైర్యం. ఇంటికి పోయి పెద్దవాళ్లతో మాట్లాడండి, స్క్రిప్టు ఇచ్చి చదవమనండి. ఆడవేషాలు మగవాళ్లే వేసే రోజుల్లో రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి వాళ్లను స్టేజీ మీదికి తెచ్చినాడు, సురభిలో ఆడవాళ్లు మొదటితరం నుంచీ ఆడినారు. అంత వెనక ఉన్న రోజుల్లోనే సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు.

రెండో పని: రిజిస్ట్రేషన్

ఇది త్వరగా చెప్తా. మొదటి నాటకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గ్రాంటు అడగాలన్నా సమాజం పేరుమీద బ్యాంకు అకౌంట్ కావాలన్నా అవసరం. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాల, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేస్తారు. బైలా (సమాజం నియమాలు) రాసుకునేటప్పుడు "నాటక ప్రదర్శన, శిక్షణ, ప్రచురణ" మూడూ ఉద్దేశాల్లో పెట్టుకోండి, తర్వాత ఉపయోగపడతాది. ప్యాన్ కార్డు, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీయగలిగే అకౌంటు, ప్రతి సంవత్సరం లెక్కలు. స్నేహితులు విడిపోయేది డబ్బు దగ్గర్నే, అందుకే పది రూపాయల ఆటో చార్జీ కూడా పుస్తకంలో రాయండి.

మూడో పని: నాటకం దొరికించుకోవడం

ఇదే అసలు పని, ఇక్కడ ఆగి నిదానంగా చదవండి.

సీమలో కథలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాటకం రాసేవాళ్లు తక్కువ. కాబట్టి రెండు దార్లు. ఒకటి, కథ రాసేవాళ్లను నాటకం రాయమని అడగడం. రెండు, మీ సమాజంలోనే రాసేవాళ్లను తయారుచేసుకోవడం. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. నెలకు ఒక ఆదివారం "నాటక పఠనం" పెట్టండి, యాడైనా సరే, గ్రంథాలయంలో ఒక గది, స్కూల్లో ఒక క్లాస్‌రూము, ఎవరింట్లోనన్నా మిద్దె మీద. కడప వాళ్లైతే బ్రౌన్ గ్రంథాలయంలో అడిగి చూడండి, సాహిత్యం మీద ప్రేమున్నవాళ్లు వచ్చే చోటు అది. కొత్తగా రాసిన పదిహేను నిమిషాల సీను అయినా చాలు, నలుగురు కూర్చోని తలా ఒక పాత్ర చదవాల. రాసినాయన మాత్రం చదవకూడదు, వినాల. తన మాట ఇంకొకరి నోట్లో యాడ తడబడతాందో, యాడ జనం కదులుతాండారో, యాడ నవ్వు రావాల్సింది రాలేదో ఆయన చెవులతో ఆయనే వినాల. పక్కన ఒకరు గడియారం చూస్తా ప్రతి సీనుకు ఎంత పట్టిందో రాయాల. చదివినప్పుడు 45 నిమిషాలు వచ్చిన నాటిక (చిన్న నాటకం) స్టేజీ మీద 55 దాకా పోతాది, ఎందుకంటే నడక, మౌనం, వస్తువులు పట్టుకోవడం అన్నీ టైము తింటాయి.

పఠనం అయినాక వచ్చినవాళ్లను మూడే ప్రశ్నలు అడగండి. ఏ మాట గుర్తుంది, ఎక్కడ బోరు కొట్టింది, ఎవరు ఏం కావాలనుకుంటాండారో అర్థమైందా. "బాగుంది", "బాలేదు" అనే మాటలు అక్కరకు రావు. "నేనైతే ఇట్ల రాస్తా" అనేవాళ్లను మర్యాదగా ఆపండి.

రాసేవాళ్లకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత్రలు ఐదారుకు మించొద్దు. ఒకే చోటు, లేదా రెండు. ఒక ఇంటి వసారా, బోరుబావి పక్కన చేను, బస్టాండు బెంచీ, ఎంఆర్ఓ ఆఫీసు వరండా, ఇట్లాంటివైతే నాలుగు వస్తువులతో చూపించొచ్చు. సినిమా లాగా పదిహేను సీన్లు రాసి మధ్యలో లైట్లు ఆర్పుకుంటా పోతే జనం విడిపోతారు. ఇంకోటి, ఉపన్యాసం. మన దగ్గర సాంఘిక నాటిక అంటే చివర్లో హీరో ప్రేక్షకుల వైపు తిరిగి కరువు మీదో కట్నం మీదో ఐదు నిమిషాలు మాట్లాడతాడు, చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు కావాలని రాయొద్దు. ఆ ఐదు నిమిషాల్లో ఆ మనిషి చేసే ఒక పని చూపించండి, అప్పు కాయితం మీద వేలిముద్ర వేస్తాడా, చించుతాడా, జేబులో పెట్టుకోని పోతాడా.

యాస గురించి కూడా. సినిమాల్లో వినిపించే సీమ భాషను స్టేజీ మీదికి తేవొద్దు, అది మన ఇండ్లల్లో ఎవరూ మాట్లాడరు. అనంతపురం మనిషి "వస్తాండా" అంటాడు, కడప మనిషి "వచ్చాండా" అంటాడు, హిందూపురం మడకశిర వైపు పోతే కన్నడం కలుస్తాది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తాది. నాటకం ఏ ఊర్లో జరుగుతాందో ఖాయం చేసుకోని ఆ ఊరి మనిషిని ఒకరిని రిహార్సల్‌కు పిలిపించి వినిపించండి. అందరి నోట్లో ఒకే యాస వచ్చేదాకా వదలొద్దు. చదువుకున్న పాత్ర ఒక రకంగా, ముసలమ్మ ఒక రకంగా మాట్లాడితే అది వేరే, అది కావాల్సిందే.

హక్కుల సంగతి మాటమీద వదిలేయొద్దు. నాటకం రాసినాయనదే, రాసినప్పుడే కాపీరైట్ ఆయనకు వచ్చేస్తాది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: మొదటి ప్రదర్శన హక్కు మీ సమాజానికి, ఒక సంవత్సరం దాకా, ప్రతి ప్రదర్శనకు ఇంత అని రచయితకు, మార్పులు ఆయన ఒప్పుకుంటేనే. ఇచ్చేది ఐదొందలైనా సరే ఇవ్వండి. మేకప్ ఆయనకు, లైట్ల ఆయనకు డబ్బులిచ్చి రాసినాయనకు శాలువా కప్పి పంపే పద్ధతి పోవాల. ఎవరిదైనా కథను నాటకంగా మార్చాలంటే ఆ రచయిత దగ్గర, ఆయన లేకపోతే వారసుల దగ్గర రాతపూర్వక అనుమతి కావాల, మన చట్టంలో రచయిత పోయినాక కూడా 60 ఏండ్లు హక్కు ఉంటాది.

నాలుగో పని: రిహార్సల్

ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు కూర్చోనే చదవండి, లేవొద్దు. రచయిత రోజూ ఉండాల. ఈ రెండు వారాల్లో డైలాగులు మారతాయి, సీన్లు ఎగిరిపోతాయి, ఒక పాత్రే పోవచ్చు. మారిన పేజీకి పైన తేదీ వేయండి, రంగు కాయితం మీద ప్రింటు తీయండి, లేకపోతే మూడో వారానికి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క నాటకం ఉంటాది. దర్శకుడికీ రచయితకూ మాట తేడా వస్తే నటుల ముందర కాదు, రిహార్సల్ అయినాక బయట టీ అంగట్లో తేల్చుకోవాల. దర్శకుడు చెప్పింది ఒకసారి చేసి చూడడం, రచయిత చెప్పింది ఒకసారి చేసి చూడడం, రెండూ చూసినాక నిర్ణయం, ఇది రూలుగా పెట్టుకుంటే గొడవలు సగం తగ్గుతాయి.

మూడో వారం నుంచి లేచి నడవండి. హాలు స్టేజీ కొలత ముందే తెచ్చుకోని నేలమీద సుద్దతోనో టేపుతోనో గీయండి, వింగ్స్ (స్టేజీ పక్కల నటులు వచ్చిపోయే మరుగు) ఎక్కడో గుర్తుపెట్టండి. పల్లెలో స్టేజీ చిన్నది దొరుకుతాది కాబట్టి ఇరవై అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల లోతులో సరిపోయేటట్టే బ్లాకింగ్ (ఎవరు యాడ నిలబడాల, ఎటు నడవాల అనేది) చేసుకుంటే తర్వాత యాడికి పోయినా ఇబ్బంది లేదు. ఐదో వారం మొదట్లో స్క్రిప్టు చేతిలోంచి పోవాల, ఆ తేదీ మొదటిరోజే చెప్పేయండి. ఆ తర్వాత రచయిత కొంచెం దూరంగా ఉంటే మంచిది, వారానికి ఒకసారి వచ్చి మొత్తం చూసి పోవాల. ఆరో వారంలో తెలియనివాళ్లను పదిమందిని పిలిచి ఆడి చూపించండి, మీ బంధువులు వద్దు. వాళ్లు ఫోను చూసిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టుకోండి. నాటకాన్ని కోసేదానికి అదే ఆఖరి అవకాశం. ఏడో వారంలో మాటలు మార్చడం ఆపేయండి, నటులకు కాళ్ల కింద నేల గట్టిగా ఉండాల.

ప్రాంప్టింగ్ అలవాటు చేయొద్దు. మన ఊర్లలో వింగు పక్కన నిలబడి గట్టిగా అందించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ముందు వరసకు రెండుసార్లు వినపడతాది డైలాగు.

ఐదో పని: హాలు, లైట్లు, మైకులు

అనంతపురంలో లలితకళా పరిషత్, కర్నూల్లో సి.క్యాంప్ దగ్గర టీజీవీ కళాక్షేత్రం, ఇవి నాటకాలు అలవాటైన చోట్లు. స్కూలు, కాలేజీ ఆడిటోరియాలు చవకే కానీ అవి మీటింగులకు కట్టినవి, వింగ్స్ ఉండవు, గొంతు గింగురుమంటాది. ఏ హాలైనా బుక్ చేసేముందు సాయంత్రం ఫ్యాన్లన్నీ వేయించి స్టేజీ మీంచి మామూలు గొంతుతో మాట్లాడి చివర కూర్చున్నవాళ్లకు వినపడతాందా చూడండి. ఎండాకాలం మన దగ్గర నలభై డిగ్రీలు దాటిపోతాది, ఫ్యాన్లు ఆపలేం, ఆ చప్పుడులో నాటకం మునిగిపోతాది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోవడం మంచిది, వేరుశనగ పీకడం కూడా అప్పటికి అయిపోయుంటాది, పల్లెల నుంచి జనం వస్తారు.

కరెంటు లెక్క తప్పనిసరిగా చూడండి. పాత హాలోజన్ లైటు 1000 వాట్లది ఒక్కటే నాలుగు ఆంపియర్ల పైన లాగుతాది, 16 ఆంపియర్ల లైను మీద మూడే పెట్టొచ్చు, నాలుగోది వేస్తే మంచి సీనులో ట్రిప్ అవుతాది. ఎల్ఈడీ పార్ లైట్లైతే చాలా తక్కువ తింటాయి, పల్లెకు తీసుకపోవడానికి కూడా అవే మేలు. రంగులు ఉన్నాయి కదా అని ఎరుపు, నీలం, ఆకుపచ్చ తిప్పొద్దు. ముందు నుంచి రెండు పక్కలా తెల్లవెలుగు సమంగా పడి మొఖాలు కనపడితే ముప్పాతిక పని అయిపోయినట్టే. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి, జనరేటర్ లేకపోతే రెండు ఎమర్జెన్సీ లైట్లు వింగుల్లో.

మైకులు స్టేజీ ముందర కింద రెండుమూడు, వీలైతే పైనుంచి వేలాడేవి రెండు. కాలర్ మైకులు చిన్న సమాజానికి ఖర్చు, పైగా చీరల రాపిడి చప్పుడంతా వినిపిస్తాది.

సంగీతానికి సినిమా పాటల బిట్లు వాడొద్దు. వాటికి లైసెన్సు కావాల, అది ఒకటి, ఆ పాట వినగానే జనం ఆ సినిమాలోకి పోతారు, అది ఇంకొకటి. డప్పు, ఉరుము అనే వాయిద్యం, భజన చెక్కలు మన జిల్లాలోనే ఉన్నాయి, ఒక కళాకారుణ్ని స్టేజీ పక్కన కనిపించేటట్టు కూర్చోబెట్టి డబ్బులిచ్చి వాయించుకోండి.

ఆరో పని: జనం, టికెట్లు

ఫ్రీగా పెట్టొద్దు. యాభై రూపాయలైనా టికెట్ పెట్టండి, కొన్నవాళ్లు వస్తారు, వచ్చినవాళ్లు కూర్చుంటారు. నాటకం టికెట్ మనిషికి 500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ లేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. సీట్లు వెయ్యి ఉన్న హాల్లో రెండొందల మంది కంటే రెండొందల సీట్లున్న చోట నిండుగా ఉండడం నటులకు ప్రాణం. ఫ్లెక్సీల మీద డబ్బు తగలేయకుండా ఒక్కో సభ్యుడు పదిహేను మందికి ఇంటికి పోయి టికెట్ ఇవ్వాల. వాట్సాప్‌లో రెండు నిమిషాల వీడియో చాలు, నాటకం మొత్తం యూట్యూబ్‌లో అప్పుడే పెట్టొద్దు.

చెప్పిన టైముకు తెర తీయండి. ముఖ్య అతిథి రాలేదని గంటసేపు కూర్చోబెట్టే పద్ధతి మన జనాన్ని నాటకానికి దూరం చేసింది. సన్మానాలు, ఉపన్యాసాలు ఉంటే నాటకం తర్వాత, ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు. దానికంటే రచయితను, నటులను స్టేజీ అంచున కూర్చోబెట్టి పావుగంట జనంతో మాట్లాడించండి, రెండో ప్రదర్శనకు కావాల్సిన మార్పులు అక్కడే దొరుకుతాయి.

ఏడో పని: రెండో ప్రదర్శన, పదో ప్రదర్శన

చాలా సమాజాలు ఒక్కసారి ఆడి, ఫోటోలు దిగి, ఆ నాటకాన్ని మూట గట్టేస్తాయి. రెండు నెలలు చేసిన కష్టం ఒక్క సాయంత్రానికా? మొదటి ప్రదర్శన తేదీ వేసేటప్పుడే ఇంకో నాలుగు చోట్ల మాట్లాడుకోండి. అనంతపురం నుంచి కర్నూలైనా కడపైనా సుమారు 150 కిలోమీటర్లే, మధ్యాహ్నం బయల్దేరితే ఆడి రాత్రికి తిరిగి రావచ్చు. అక్కడి సమాజంతో మార్పిడి పెట్టుకోండి, వాళ్ల నాటకం మన ఊర్లో, మనది వాళ్ల ఊర్లో, హాలు, భోజనం ఎవరి ఊర్లో వాళ్లు చూసుకుంటే బండి ఖర్చు ఒక్కటే మిగులుతాది.

సెట్టింగు మొత్తం ఒక చిన్న ట్రాలీ ఆటోలో పట్టాల. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట వాళ్లను చూడండి, రామాయణమంతా ఒక పెట్టెలో పెట్టుకోని ఊర్లు తిరిగిన కుటుంబాలు అవి. పల్లెలో ఆడేటప్పుడు పంచాయతీ వాళ్లకు, పోలీస్ స్టేషన్‌లో కాయితం ఇచ్చి అనుమతి తీసుకోండి. రాత్రి పది తర్వాత బయట మైకు వాడకూడదు, కాబట్టి ఏడున్నరకే మొదలుపెట్టండి. జాతర వాళ్లు పిలిస్తే రానుపోను ఖర్చు, భోజనం, పారితోషికం ముందే రాయించుకోండి.

నాటక పరిషత్తులు పెట్టే పోటీలకు పోవచ్చు, పోవాల కూడా, వేరే జిల్లాల సమాజాలు ఏం చేస్తాండాయో చూడొచ్చు. కానీ ఇంటిదగ్గర ఐదారుసార్లు ఆడినాక పోండి. మామూలుగా నాటిక గంట దాటకూడదు అంటారు, స్క్రిప్టు కాపీలు ముందే పంపాల, స్క్రూటినీ (ముందు వడపోత) ఉంటాది. రాష్ట్ర ప్రభుత్వం పెట్టే నంది నాటకోత్సవాల్లో పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక అని విడివిడిగా పోటీలు ఉంటాయి కాబట్టి మీది ఏ విభాగంలోకి వస్తాదో చూసుకోని దరఖాస్తు చేయండి. బహుమతి కోసం చివర్లో ఏడుపు సీను పెంచుదాం, ఒక ఉపన్యాసం చేర్చుదాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. రచయితతో రెండు నెలలు కూర్చోని తీసేసిందే అది.

ప్రదర్శనలన్నీ అయినాక, ఆడిన నాటకాన్ని ఆడినట్టు టైపు చేయించండి. తీసేసిన డైలాగులు తీసేసి, లైటు ఎక్కడ మారింది, ఎవరు ఎటునుంచి వచ్చినారు, వస్తువులు ఏవేవి, అన్నీ రాసి మూడు కాపీలు బైండు చేయించి ఒకటి రచయితకు, ఒకటి దర్శకుడికి, ఒకటి సమాజం బీరువాలో పెట్టండి. వేరే ఊరి వాళ్లు ఆడతామని అడిగితే ఆ కాపీ జిరాక్స్ ఇవ్వండి, రచయిత ఫోన్ నంబరు కూడా ఇచ్చి, ఆయన అనుమతి, ఆయన డబ్బు నేరుగా ఆయనకే పోయేటట్టు చూడండి.